కేసముద్రంలో సముద్రం ఎక్కడ?



కాజీపేట నుంచి డోర్నకలు వైపు రైలులో పోతుంటే కేసముద్రం అనే స్టేషను వస్తుంది. ఆ పేరు విని కొత్తవాడు ఎవడైనా కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తే ఏమి కనపడుతుంది? పత్తి చేలు, మిరప చేలు, తాటిచెట్లు. సముద్రం మాత్రం మచ్చుకైనా కనపడదు. బంగాళాఖాతం అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్నది. మరి సముద్రం ఊరి పేరులోకి ఎట్లా వచ్చి కూర్చున్నది?

మన ప్రాంతానికి నదులు తక్కువ, వాన నీరే ఆధారం. అందుచేత పూర్వపు రాజులు రెండు గుట్టల నడుమ కట్ట పోయించి, వాగును ఆపి, చెరువులు చేయించినారు. అందులో బాగా పెద్ద చెరువులకు సముద్రం అని పేరు పెట్టుకొనేవారు. అవతలి గట్టు కనపడనంత నీరు చూసినప్పుడు ఆ మాట నోటికి రావటంలో వింత ఏముంది? కాకతి గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు రాజ్యం చేసినాడు. భూపాలపల్లి దగ్గరి గణపురంలో గణపసముద్రం అనే చెరువు ఆయన పేరును నేటికీ నిలబెట్టుతున్నది. మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారం చెరువు ఉన్నది. ఆ చెరువును గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ తవ్వించినది. శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. మైలాంబ తల్లి పేరు బయ్యమాంబ. ఊరికి బయ్యారం అనే పేరు ఆమె వలననే వచ్చినదని చరిత్రకారులు చెప్పుతారు.

ఆ చెరువు దగ్గర దొరికిన శాసనం చిన్నది కాదు, సామాన్యమైనదీ కాదు. కాకతీయుల పూర్వులు ఎవరెవరో వరుసగా చెప్పిన శాసనం అది. ఆ వంశంలో మొదటివాడైన వెన్నరాజు కాకతి అనే ఊరు ఏలినందున అతని వంశం వారికి ఆ పేరు వచ్చినదని అందులో ఉన్నది. చూచినారా! రాజు ఊరికి పేరు పెడతాడని మనం అనుకొంటాము. ఇక్కడ ఊరే రాజవంశానికి పేరు పెట్టినది.

సరే, ఇప్పుడు గణపురం మాటే ఇంకొంచెం చూద్దాం. ఆ ఊళ్ళో కోటగుళ్ళు అనే దేవాలయ సముదాయం ఉన్నది. అందులో పెద్ద గుడి గణపేశ్వరాలయం. రాజు గణపతి, చెరువు గణపసముద్రం, దేవుడు గణపేశ్వరుడు, ఊరు గణపురం. ఎంత చక్కగా అతికినవో చూడండి. గాని చాలాకాలం కాగితాల మీద ఆ ఊరి పేరు 'ఘన్‌పూర్'. ఇది ఎవరు చేసిన పని?

ఎవరో పగబట్టి చేసినది కాదు. నిజాము కాలంలో కచేరీ భాష మొదట ఫారసీ, తరువాత ఉర్దూ. ఆ లిపిలో మన 'ణ'కు వేరే అక్షరం లేదు, కాబట్టి 'న' రాసినారు. పురం వారి నోట పూర్ అయినది. తరువాత ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవి. సికింద్రాబాదు నుంచి వేసిన రైలు దారి 1889 నాటికి బెజవాడ చేరుకొన్నది. స్టేషను బోర్డుల మీద ఏది రాస్తే అదే ఊరి పేరుగా దేశమంతటా చెల్లింది. ఆ ఇంగ్లీషు బోర్డు చూసి మళ్ళీ తెలుగులో రాసినవారు, ఇది ఘనమైన ఊరు కాబోలునని 'ఘనపురం' అన్నారు. గణపతి పోయి ఘనత వచ్చినది! ఒక పేరు మూడు లిపులు దాటి సొంత ఇంటికి తిరిగి వచ్చేసరికి ఇంటివారే పోల్చుకోలేని వేషంలో ఉన్నది.

ఇటువంటి ఘన్‌పూర్‌లు మన దగ్గర మూడు ఉన్నవి. ఒకటి పైన చెప్పినది. ములుగు వైపు ఉన్నందున దానిని ములుగు ఘన్‌పూర్ అనేవారు. జనగామ జిల్లాలో రైలు పట్టాల పక్కన ఉన్నది స్టేషన్ ఘన్‌పూర్. అదే జిల్లాలో లింగాల ఘనపురం మరొకటి. పేరు ఒకటే అయితే ఉత్తరాలు ఊరు తప్పుతవి గదా! అందుకని ముందు ఒక గుర్తు తగిలించినారు. రైలు రాకముందు 'స్టేషన్' అనే మాట ఊరి పేరులో ఉండదు. కాబట్టి ఆ ముక్క వయస్సు ఎంతో మీరే లెక్క కట్టగలరు.

ఓరుగల్లుదీ ఇదే కథ. ఒరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. (కల్లు అనగానే తాటిచెట్టు వైపు చూడకండి! పాత తెలుగులో కల్లు అంటే రాయే.) దానిని సంస్కృత పండితులు ఏకశిలానగరం అని అనువదించుకొన్నారు. కచేరీలో అది వరంగల్ అయి కూర్చున్నది. వరంగల్ అనే మాటను మాత్రమే పట్టుకొని 'వరం' ఇచ్చినది ఎవరు అని వెతికితే ఏమి దొరుకుతుంది? ఓరుగల్లు అని ముసలివారి నోట విన్నవాడికే రాయి కనపడుతుంది.

పేర్లు ఇట్లా అరిగిపోవటం మన దేశంలోనే జరుగుతున్నదని అనుకోవద్దు. ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరం పక్కన ఒర్లీ అనే చోటు ఉన్నది. విమానాలు దిగే చోటు కాబట్టి మీలో కొందరు ఆ పేరు విని ఉంటారు. ఆ దేశపు దక్షిణ భాగంలో కొండల నడుమ ఒరియాక్ అనే పట్టణం ఉన్నది. ఒర్లీ, ఒరియాక్: ఈ రెండూ ఒకటే పేరు అంటే నమ్ముతారా? రెండూ పూర్వం 'ఔరేలియాకుం'. ఔరేలియస్ అనేవాని భూమి అని అర్థం. సుమారు 2,000 సంవత్సరాల క్రిందట రోమనులు ఆ దేశాన్ని జయించినప్పుడు అక్కడి గాల్ జాతి వారికి సొంత భాష ఉండేది. భూస్వామి పేరు రోమను పేరు. దాని చివర చేర్చిన 'ఆకుం' గాల్ జాతి వారి ప్రత్యయం. రెండు భాషలు ఒక్క పేరులో కాపురం చేసినవి. తరువాత దక్షిణాది వారి నోట ఆ చివరి ముక్క 'ఆక్' అయి నిలిచింది; ఉత్తరాది వారి నోట ఇంకా అరిగి 'ఈ' అయినది. మన గణపురం, ఘన్‌పూర్‌ల వలెనే అవి ఒకే తల్లి బిడ్డలు.

ఫ్రాన్సు ఊసు ఎందుకు తెచ్చినానంటే, ఆ 'ఆక్' ఊళ్ళలో పుట్టిన ఒకాయన మన హైదరాబాదులోనే మట్టిలో కలిసినాడు. దక్షిణ ఫ్రాన్సులో సెరిన్యాక్ అనే ఊరు ఉన్నది. అక్కడ 1755లో పుట్టిన రేమండ్ అనే సైనికుడు రెండవ నిజాము దగ్గర సేనాధిపతిగా కొలువు చేసి 1798లో మరణించినాడు. ఫ్రెంచి భాషలో అయ్యగారు అనటానికి 'మొస్యూ' అంటారు. మొస్యూ రేమండ్ అనే పిలుపు మన వాళ్ళ నోట ఏమైనదో ఊహించండి. మూసారాం! నగరంలో ముస్లిములు మూసా రహీం అన్నారనీ, హిందువులు మూసారాం అన్నారనీ చెప్పుకొంటారు. ఎవరికి తెలిసిన దేవుని పేరు వారు ఆ పరదేశికి తగిలించినారు. మలకపేట దగ్గరి మూసారాంబాగు అట్లా వచ్చినదే. ఇప్పుడు మెట్రో రైలు స్టేషనుకు కూడా అదే పేరు. ప్రతిదినం వేలమంది ఆ స్టేషనులో దిగుతారు. మూసా అనే సాయిబో, రాం అనే భక్తుడో అక్కడ తోట వేసినాడని అనుకొనేవారే ఎక్కువ.

ఫ్రెంచివారు మన పేర్లను అట్లాగే మార్చుకొన్నారు సుమా! గోదావరి చివర యానాం 1954 వరకు వారి ఏలుబడిలో ఉండేది. వారు దానిని 'యనావోఁ' అని పిలిచి, అట్లాగే తమ పటాల మీద రాసుకొన్నారు. ఎవరి నాలుకకు ఏది తిరిగితే అది.

మన పల్లె పేర్లలో చాలా సాధారణమైనది కొత్తపల్లి. ఈ పేరు లేని జిల్లా ఏదైనా ఉన్నదేమో వెతికి చూడండి. జనం పెరిగి పాత ఊరు చాలనప్పుడు కొన్ని కుటుంబాలు పక్కకు పోయి గుడిసెలు వేసుకొంటే అది కొత్తపల్లి అయ్యేది. ఫ్రాన్సులో సరిగ్గా ఇదే అర్థంతో విల్‌నెవ్ అనే ఊళ్ళు ఎన్నో ఉన్నవి. విల్ అంటే ఊరు, నెవ్ అంటే కొత్త. వాటిలో చాలా ఊళ్ళు ఏడెనిమిది వందల ఏండ్ల నాటివి! కొత్త అన్న మాట పేరులో చిక్కుకొంటే ఇక దానికి వయస్సు రాదు. పారిస్ నగరంలో 'కొత్త వంతెన' అనే పేరుగల వంతెన 1607లో పూర్తయినది. ఆ నగరంలో నదిమీద ఇప్పుడు నిలిచివున్న వంతెనలలో అదే అన్నిటికన్నా పాతది.

కొత్తపల్లి అనే మాట మనకు ఇంకొక చోట వినపడుతుంది. ఆచార్య జయశంకర్ (1934–2011) ఇంటిపేరు కొత్తపల్లి. మన ఇంటిపేర్లలో చాలా ఊళ్ళ పేర్లే గదా! ఎప్పుడో ఒక తరం వారు ఊరు వదిలి వేరే చోటికి పోయినప్పుడు, అక్కడివారు వీరిని పాత ఊరి పేరుతో పిలిచినారు. బమ్మెర పోతన ఇంటిపేరు కూడా ఊరి పేరే. బమ్మెర అనే గ్రామం జనగామ జిల్లాలో పాలకుర్తికి దగ్గరనే ఉన్నది. జయశంకర్ గారి మాటకు వస్తే, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక జిల్లాకు ఆయన పేరు కలిపి జయశంకర్ భూపాలపల్లి అన్నారు. అంటే ఒక ఊరి పేరు ఒక ఇంటికి పేరై, ఆ ఇంట పుట్టినవాని పేరు మళ్ళీ ఒక జిల్లాకు వచ్చినది. భూపాలుడంటే రాజు, పల్లి అంటే చిన్న ఊరు. బొగ్గు గనులు వచ్చి అది పట్టణమై, జిల్లా కేంద్రమై కూడా పేరులో ఇంకా పల్లిగానే ఉన్నది.

ఇక మహబూబాబాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 నుంచి 1911 వరకు గద్దె మీద ఉన్నాడు. పాలమూరు ఆయన పేరుమీదనే మహబూబ్‌నగర్ అయినది. ఆబాదు అనేది ఫారసీ మాట. జనం కాపురం ఉన్న చోటు అని అర్థం. మన పట్వారీల లెక్కల్లో ఇండ్లు ఉన్న జాగాను 'ఆబాది' అనటం మీ తాతగారు విని ఉంటారు, అదే మాట. అయితే మహబూబాబాదు అసలు పేరు మానుకోట. మాను అంటే చెట్టు. పాత తెలుగులో మ్రాను. రాతికోట, మట్టికోట ఉన్నట్లే మ్రానులతో కట్టిన కోట ఉండేదని ఆ ఊరివారు చెప్పుతారు. ఫ్రాన్సులో కూడా కోట పేరుతో ఊళ్ళు చాలా ఉన్నవి. గాల్ భాషలో కోటకు 'దూన్' అనే మాట ఉండేది. వెర్దున్ అనే పేరు చివర అది స్పష్టంగా వినపడుతుంది. లియోన్ నగరం పూర్వం లుగ్‌దూనుం. అది అరిగి అరిగి చివరకు కోటలో 'ఓన్' అనే ముక్క మాత్రం మిగిలింది.

మానుకోట అనే పేరు కాగితం మీదినుంచి పోయినది గాని నోటినుంచి పోలేదు. ఇవ్వాళ కూడా బస్సు దగ్గర నిలబడి వినండి: "మానుకోట, మానుకోట" అని కండక్టరు కేక వేస్తాడు. రైలు టిక్కెట్టు మీద మహబూబాబాదు. రెండు పేర్లూ తమ తమ పనులు చేసుకొంటూ కలిసి బ్రతుకుతున్నవి. నా మట్టుకు నాకు ఇందులో తగవు ఏమీ కనపడదు. రెండూ చరిత్రే, ఒకటి పాత కోట సంగతి చెప్పుతుంది, ఒకటి నిజాము రాజ్యం సంగతి చెప్పుతుంది. ఒకటి ఉండటానికి ఇంకొకటి చావాలని పట్టుపట్టినవారు ఫ్రాన్సులో ఏమి చేసినారో వినండి. 1793లో విప్లవ ప్రభుత్వం మీద లియోన్ నగరం తిరగబడింది. తిరుగుబాటును అణచి, ఇక లియోన్ అనే ఊరే లేదని శాసనం చేసి, 'విముక్తి పొందిన ఊరు' అని పేరు మార్చినారు. మార్సెయ్ నగరాన్ని కూడా అట్లాగే శిక్షించినారు. 1794లో దానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసునా? 'పేరులేని ఊరు'! పేరు లేకపోవటమే పేరు. అది క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు వచ్చి కట్టుకొన్న రేవు. రెండువేల నాలుగువందల ఏండ్ల పేరు ఒక్క కాగితంతో పోతుందా? వారాలు గడవకముందే మార్సెయ్, ఏడాదిలోపల లియోన్ తమ పేర్లు తాము తిరిగి తెచ్చుకొన్నవి.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇక జాగ్రత్తగా నడవవలసిన చోటు వచ్చినది. పేరు వినగానే కథ అల్లటం మనుషులకు సరదా. జనగామ సంగతే చూడండి. ఇది 'జైనగావ్' అనీ, పూర్వం జైనులు ఉండేవారనీ చాలామంది చెప్పుతారు. కొంచెం దూరంలో కొలనుపాక జైన క్షేత్రం ఉన్నందున ఆ కథ బాగా అతికినట్లు కనపడుతుంది. కాని విడదీసి చూద్దాం. పేరు చివర 'గామ' ఉన్నది. సంస్కృతంలో గ్రామం, ప్రాకృతంలో గామం. మరాఠీవారి గావ్ కూడా ఆ గామమే. కాబట్టి జనగామ అన్నా, ఇంగ్లీషులో రాసినట్లు జన్‌గావ్ అన్నా చివరి సగం ఒకటే. అందులో తగవు లేదు. మొదటి సగం జైనమే అనాలంటే పక్కన జైన గుడి ఉండటం చాలదు. రామగుండం దగ్గర గోదావరి ఒడ్డున ఇంకొక జనగామ ఉన్నది. దాని పక్కన కొలనుపాక లేదు గదా! ఊరి పేరును పాత రూపంలో రాసిన రాతి శాసనమో తాటాకో చూపినప్పుడే అది రుజువు అవుతుంది. అంతవరకు అది వినటానికి ఇంపైన కథ. బడిలో నేను దానిని కథల పీరియడులోనే చెప్పేవాణ్ణి.

పాత రూపం ఎంత అవసరమో పాలకుర్తిని చూస్తే తెలుస్తుంది. ఇప్పటి పేరు చూసి 'పాలు', 'కుర్తి' అని విడదీసి, ఎవరో పాలు తెచ్చినారని కథ చెప్పవచ్చు. కాని బసవపురాణం రాసిన సోమనాథుని ఇంటిపేరు ఎట్లా పలుకుతాము? పాల్కురికి. ఏడు వందల ఏండ్లకు పైగా ఆ కవి పేరుతోపాటు ఊరి పాత రూపం భద్రంగా ఉన్నది. 'కుర్తి'కి అర్థం వెతికేవాడు ముందు 'కురికి' దగ్గరికి పోవాలి. కవి పేరు లేకుంటే ఆ దారి మనకు తెలిసేదే కాదు.

ఫ్రాన్సులో కూడా పండితులు ఇటువంటి కథలకు లోబడినారు. పారిస్ నగరానికి గ్రీకు పురాణాల్లోని ట్రాయ్ రాజకుమారుడు పారిస్ పేరు వచ్చినదని వందల ఏండ్లు గర్వంగా చెప్పుకొన్నారు. నిజానికి అది 'పరిసి' అనే గాల్ తెగ పేరు. రాజకుమారుని కథ అందంగా ఉన్నది, తెగ పేరు నిజంగా ఉన్నది. ఆల్బేర్ దోజా అనే పండితుడు తన దేశపు ఊళ్ళ పేర్లన్నిటికీ పాత పత్రాలు చూసి నిఘంటువు కూర్చినాడు. ఆయన చనిపోయిన తరువాత, 1963లో, రొస్తేఁ అనే పండితుడు దానిని పూర్తి చేసి అచ్చు వేయించినాడు. మన తెలుగులో కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ళ పేర్లమీద అటువంటి పరిశోధన చేసినారు.

ఊరి పేరు తెలుసుకొంటే ఏమి లాభం అని మీలో ఎవరైనా అడగవచ్చు. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి అనే ఊరు ఉన్నది. పక్కన పారే వాగు పేరు మోరంచ వాగు. ఊరూ వాగూ ఒకే పేరు పంచుకొన్నవి. 2023 జూలై 27 తెల్లవారుజామున ఆ వాగు పొంగి ఊరంతటినీ ముంచినది. జనం మిద్దెలమీదికి, చెట్లమీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకొన్నారు. సైన్యపు హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని దించినవి. కొందరు కొట్టుకొనిపోయి చనిపోయినారు కూడా. మరుసటి సంవత్సరం, 2024 సెప్టెంబరు 1న, ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ వరద వచ్చి రైలు పట్టాల కింది కట్ట కొట్టుకొనిపోయినది. పట్టాలు గాలిలో వేలాడినవి. పేరులో నీరు ఉంటే వరద వచ్చి తీరుతుందని నేను అనటం లేదు. వాగు, కుంట, మడుగు, సముద్రం అనే మాటలు ఊరికే పెట్టిన మాటలు కావని మాత్రం చెప్పుతున్నాను. పేరు పెట్టిన మనిషి అక్కడ నీటిని కండ్లతో చూసినాడు. ఇవ్వాళ ఎన్నో ఊళ్ళలో ఫలానా కుంట అనే చోట ఇండ్ల ప్లాట్లు ఉన్నవి, కుంట లేదు. వాన నీటికి మాత్రం కుంట జ్ఞాపకం ఉన్నది. అది వెతుక్కొంటూ అక్కడికే వస్తుంది.

పెద్ద ఊళ్ళ పేర్లు బోర్డులమీద, పటాలమీద ఉన్నవి. వాటికి భయం లేదు. నాకు దిగులు చిన్న పేర్లను గురించి. ప్రతి ఊరి పొలిమేరలో చెల్కకూ, ఒర్రెకూ, బండకూ, మడికట్టుకూ ఒక పేరు ఉంటుంది: చింతలకుంట, పెద్దబండ చెల్క, ఎలుగుల గుట్ట, మత్తడి కింది మళ్ళు, ఇటువంటివి. పాసుబుక్కులో ఇవి ఉండవు, సర్వే నంబరు ఉంటుంది. నంబరుకు చింతచెట్టు తెలియదు, ఎలుగు తెలియదు. ఆ పేర్లు నాగలి పట్టినవారి నోట మాత్రమే ఉన్నవి. ట్రాక్టరు వచ్చి గట్లు పోయినవి, పిల్లలు చదువులకు పట్నం పోయినారు, పేరు తెలిసిన తాత ఒక్కడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తరువాత ఎవరిని అడుగుతాము? ఫ్రాన్సులో 1807లో నెపోలియన్ చక్రవర్తి ప్రతి పొలమూ కొలిపించమన్నప్పుడు, కొలతగాండ్లు నంబరుతోపాటు ఆ చోటిని రైతులు ఏమని పిలుస్తారో కూడా పటం మీద రాసినారు. అవి నేటికీ అక్కడి పటాల మీద ఉన్నవి. పన్ను కోసం చేసిన పనే గాని, పేర్లు బ్రతికినవి.

మన తండాలు, గూడేల పేర్లది కూడా ఇదే స్థితి. మహబూబాబాదు చుట్టూ ఎన్ని లంబాడీ తండాలు ఉన్నవో మీకు తెలుసు. మొదట పశువులు తోలుకొని వచ్చి దిగిన నాయకుని పేరే చాలా తండాలకు పేరు. 2018 ఆగస్టులో 500 మంది జనం దాటిన తండాలు, గూడేలు వేరే పంచాయతీలు అయినప్పుడు వాటిలో ఎన్నో పేర్లు మొదటిసారి సర్కారు బోర్డుకు ఎక్కినవి. ఆ నాయకుడు ఎవరు, ఎక్కడినుంచి వచ్చినాడు, ఆ చోటనే ఎందుకు ఆగినాడు అన్నది బోర్డు చెప్పదు. తండాలో పెద్దలు చెప్పగలరు.

కాబట్టి ఈ నెల మీకు ఒక పని. ఒక నోటుబుక్కు తీసుకొని మీ ఊరిలో అందరికన్నా పెద్దవారి దగ్గరికి పోండి. ఊరి చుట్టూ ఉన్న చోట్ల పేర్లు పది చెప్పమనండి. వారు ఎట్లా పలికితే అట్లాగే రాయండి. మీ తెలివి ఉపయోగించి దిద్దవద్దు. 'ఒర్రె' అంటే ఒర్రె అనే రాయాలి గాని 'చిన్న వాగు' అని రాయకూడదు. గణపురాన్ని ఘన్‌పూర్ చేసినది అటువంటి దిద్దుబాటే. తరువాత ఆ చోటికి కాలినడకన పోయి అక్కడ ఇప్పుడు ఏమి ఉన్నదో పేరు పక్కన రాయండి. కుంట అన్న చోట కుంట ఉన్నదా? మర్రి అన్న చోట మర్రి ఉన్నదా? రాసినవారు ఆ పేజీకి నకలు తీసి పత్రిక చిరునామాకు పంపండి, అసలు నోటుబుక్కు ఇంట్లో ఉంచుకోండి.

పోయేముందు ఒక పొడుపు. ఫ్రాన్సులో షాతోనెఫ్ అనే ఊళ్ళు చాలా ఉన్నవి. షాతో అంటే కోట. నెఫ్ అంటే ఏమిటో పైన విల్‌నెవ్ దగ్గర చూసినారు. ఆ మాటే కొంచెం మారి వచ్చినది. ఈ పేరుకు అచ్చంగా సరిపడే తెలుగు ఊరు ఒకటి వనపర్తి జిల్లాలో, హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్ద రోడ్డు మీదనే ఉన్నది. ఏది అది? జవాబు వచ్చే నెల.